కల్లు మండువలో ఢిల్లీ కేసు

మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కథలాపూర్ దగ్గర మా ఊళ్లో లోకం మీది తీర్పులన్నీ ఆయన కల్లు అమ్మే మండువలోనే వెలువడేవి. ఢిల్లీలో ప్రధానిని చంపిన కేసులో ఇద్దరిని ఆ పొద్దున ఉరి తీశారని రేడియో చెప్పగానే, తాగేవాళ్లంతా కేసును మళ్లీ మొదటినుంచి విచారించారు. బాపు జడ్జి. సిరిసిల్ల నుంచి చుట్టంగా వచ్చిన మా మేనమామ ముద్దాయి. ఎవరూ ఒప్పుకోని వేషం చుట్టానికే కదా! చెట్టెక్కే మోకుతో ఆయన్ని తాటిచెట్టుకు కట్టేశారు. నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి కేసు చివరికొచ్చింది.

"నా మాట గూడ ఇను బావా!"

"ముద్దాయి మాట్లాడొద్దు. ఉరి!" అన్నాడు బాపు.

అప్పుడే పోలీసు జీపు వచ్చింది. అందరూ తలో దిక్కుకు ఉరికారు. బాపు మాత్రం మామ కట్లు విప్పుతూ ఉండిపోయాడు. తాను వేసిన ముడి తనకే ఊడిరాలేదు! ఆ రోజుల్లో మనిషిని చెట్టుకు కట్టి తీర్పు చెబితే అది నక్సలైట్ అన్నల ప్రజాకోర్టే. ఎస్సై ఇంకేమనుకుంటాడు?

"ఏ దళంరా నీది?"

బాపు ఇంకా ముడితోనే కుస్తీ పడుతున్నాడు. మామే అరిచాడు.

"బావ తప్పేం లేదు సారూ! ప్రధానిని సంపింది నేనే!"

ఏం తెలివో, ఏం పాడో! ఇద్దరినీ జీపెక్కించారు. అట్లా ఎక్కినవాళ్లలో కొందరు పేపర్లో ఎదురుకాల్పుల వార్తయ్యేవారు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మా నేనూ బస్సెక్కి ఠాణాకు పోయాం. ఎస్సై ముందే అమ్మ తమ్ముణ్ని రెండు పీకింది.

"ఆట ఆడినమని సెప్పకపోతివేందిరా, సచ్చినోడా!"

"ఆటైతే ఆడి చూపించండి," అన్నాడు ఎస్సై.

బాపు బెంచీ మీద కూర్చున్నాడు. మామ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. కానిస్టేబుళ్లు పనులు మానుకుని మూగారు. హెడ్డు తీర్పు కూడా అందించాడు: "ఉరెయ్యి, జల్ది!"

బాపు లాకప్పు దిక్కు చూశాడు.

"నువ్వేమన్న చెప్పుకునేదుందా?"

అంత వాగుడుకాయ మామా ఒక్క ముక్కే అన్నాడు. "ఇంటికి పోత బావా."

"ఇడిసిపెట్టిన. పో."

"నువ్వేంది ఇడిసిపెట్టేది?" అని ఎస్సై పకపకా నవ్వి ఇద్దరినీ పొమ్మన్నాడు.

దారి పొడుగునా అమ్మ తిడుతూనే ఉంది. బాపును నేను మెల్లగా అడిగాను.

"మరి గా ఉరేసిన ఢిల్లోళ్లు తప్పు చేసిన్రా లేదా బాపూ?"

"చేసిన్రో లేదో నాకేం ఎరుక బిడ్డా. ఇంటికి పోతమని వాళ్లు గూడ అనే ఉంటరు."