వదిన నాలుక కోసం కోల్‌కతాలో సిచువాన్ భోజనం

ఇది సరదాకి పెట్టుకున్న ప్రయాణం కాదు. మా వదిన టెక్కలిలో మెస్సు నడుపుతుంది. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, చేపల పులుసు పెట్టిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఆవిడ వంటకి ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీదున్నదాన్ని నోట్లో వేసుకుని చూడదు. పదిమందికి పెట్టేది ఎంగిలి కాకూడదంటుంది. మూత తీసి, ఆవిరికి మొహం పెట్టి, వాసనతోనే "ఉప్పు సాల్నేదు" అని గుప్పెట్లోంచి ఇంత విదిలిస్తుంది. ఆ అంచనా తప్పడం నేనెప్పుడూ చూడలేదు. అలాంటిది మొన్న వేసవిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసననీ రుచినీ వెంట తీసుకుపోయింది. మాది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం, జ్వరం వస్తే ముందు కిడ్నీలు చూపించుకుంటాం. అవి బాగున్నాయని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం గాని, నాలుక సంగతి మాత్రం వస్తే రావచ్చు, ఆగి చూడండి అన్నారు డాక్టరు గారు. కారం తింటే ఆవిడకి కళ్ళు నీళ్ళు కారతాయి, నోటికి ఏమీ తెలియదు. అన్నయ్య ఉప్పు చూడబోతే గరిటె లాక్కుంది. "ఒకలి నోటితో నాను వండడమేటి" అని. పులుసు ఒకరోజు చప్పిడిగా, ఒకరోజు ఉప్పు కషాయంగా రావడం మొదలైంది. చివరికి మెస్సు వేరేవాళ్ళకి ఇచ్చేద్దామని అన్నయ్య ఒక మనిషితో మాట్లాడాడు. దసరా దాటగానే వచ్చి తాళాలు తీసుకుంటానన్నాడాయన. వదిన పొయ్యి దగ్గర కూర్చుని గోడ చూస్తూ ఉండేది.

నాకు మామూలుగానే ఒకచోట కాలు నిలవదు. వదిన అలా కూర్చోవడం చూశాక కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఆర్డర్లు, లోడ్లు, ఫోన్లు చూసుకోవడం నా పని. కోల్‌కతాలో మా దగ్గర సరుకు తీసుకునే వ్యాపారి ఒకాయన మాటల మధ్య, మీ పప్పు ఒక చైనా హోటల్‌కి కూడా వేస్తున్నానని చెప్పాడు. అక్కడ తింటే నోరంతా తిమ్మిరెక్కుతుందని, అది వాళ్ళ మిరియాల గుణమని కూడా అన్నాడు. మన ఫాస్ట్‌ఫుడ్ బళ్ళ మీద రాసే షెజ్వాన్ లాంటిది కాదట, సిచువాన్ అనే చోటి అసలు వంటట. తిమ్మిరి అన్న మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. రుచి తెలియని నోటికి తిమ్మిరైనా తెలుస్తుందేమో. వారం తిరక్కుండా టికెట్లు తీశాను. వదినకి మాత్రం తిమ్మిరి సంగతి చెప్పలేదు. చెబితే తెలియకపోయినా తెలిసినట్టు అనిపిస్తుందని నా భయం. చైనా వంట తిందాం రా అన్నానంతే.

"సైనా కూడు తిని నానేటి సేత్తాను? నాకు మట్టి తిన్నా ఒకటే, మాంసం తిన్నా ఒకటే" అంది వదిన.

"అయితే డబ్బులు దండగ కావు, తోడు రా" అన్నాను.

టెక్కలి నుంచి పలాసకి బస్సులో గంట లోపే. పలాసలో సాయంత్రం హౌరా బండి ఎక్కితే పొద్దున్నే దింపుతుంది. స్లీపర్ టికెట్టు మనిషికి నాలుగు వందలు దాటదు గాని, పండగ రోజుల్లో ముందే తీసుకోకపోతే నిలబడి వెళ్ళాలి. సుమ్మాదేవి స్టేషన్ దాటేదాకా కిటికీ పక్కన కూర్చున్నాను, తర్వాత కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. "ఒలే పిల్లా, బండి నువ్వు నడిపితే గాని నడవదేటి? కూకో" అని వదిన కసిరింది. ఆవిడకేం, నిద్రపోయింది. ఒకవేళ అక్కడ కూడా ఏమీ తెలియకపోతే తిరుగు బండిలో ఈ మనిషి మొహం ఎలా చూడాలా అని నాకు నిద్ర పట్టలేదు.

హౌరా స్టేషన్‌లో వెయిటింగ్ హాలులో స్నానాలు చేసుకోవచ్చు, లాడ్జి అక్కర్లేదు. అక్కణ్ణుంచి టాక్సీ. హోటలు నగరానికి తూర్పు పక్క, ఒకప్పుడు తోళ్ళు శుద్ధి చేసిన సందుల్లో ఉంది. డ్రైవరు మూడు వందల యాభై అడిగాడు, నా హిందీతో మూడు వందలకి దించాను. మేం తొందరపడి పదిన్నరకే దిగాం, వాళ్ళు తలుపు తీసేది పన్నెండుకి. ఆ గంటన్నర నేను ఆ సందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. లోపల ఆరు బల్లలు, గోడకి తిరిగే ఫ్యాన్లు, బల్లకొక టీ కెటిల్. హంగులేమీ లేవు. వంట చేసేది ఆ ఇంటావిడే. సిచువాన్‌లో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చిందట. వడ్డించే ఆయన ఒడిశా బరంపురం వాడు. మా మాటలు విని, "ఏ ఊరు అక్కా మీది?" అని తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచొచ్చింది. చేప ముక్కలు వేసిన ఎర్రటి నూనె పులుసు ఒకటి, వేయించిన కోడి ఒకటి, తెల్లన్నం చెప్పాం. కోడిలో వాళ్ళ ఊళ్ళో వేరుశనగపప్పు వేస్తారట, ఇక్కడివాళ్ళ కోసం జీడిపప్పు వేస్తున్నారట.

కోడి ముందొచ్చింది. నేను ముట్టుకోలేదు, వదిన నోటికేసే చూస్తున్నాను. ఒక ముక్క, రెండు పప్పులు. నమిలింది. మొహంలో ఏ మార్పూ లేదు. ఇంకో ముద్ద పెట్టుకుని నమలడం ఆపింది. పెదాలు తుడుచుకుంది. కళ్ళు పెద్దవి చేసి, నోట్లోది చేతిలోకి ఉమ్మి, నా పళ్ళెం తనవైపుకి లాగేసింది.

"ఒగ్గీ. తినకు. జీడి సొన."

పలాస చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి వివరం అక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతున్నాను. జీడిగింజ తొక్కలో ఉండే సొన తగిలితే చర్మం కాలి ఊడుతుంది. పప్పు ఒలిచేటప్పుడు ఆ సొన అంటుకుంటే తిన్నవాళ్ళ నోరు పొక్కుతుంది. వదినని వాళ్ళమ్మ ఇంట్లో జీడిగింజలు కొట్టి పెంచింది. నోరు పట్టేసిందంటే వదినకి ఇంకేం తడుతుంది. నాకు అసలు సంగతి తెలిసి కూడా, అది మా ఫ్యాక్టరీ పప్పని గుర్తొచ్చి ఒక్క క్షణం భయపడ్డాను. నేను నోరు తెరిచేలోపు ఆవిడ లేచి, పక్క బల్ల మీద తింటున్న అమ్మాయి పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేసింది. "తినకమ్మా, నోరు కాలిపోద్ది" అని తెలుగులోనే చెప్పింది. ఆ పిల్ల బెంగాలీలో ఏదో అంటోంది. బరంపురం ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది అక్కా?"

"ఏమైందేటి? పప్పు కాల్సడం సేతకాదా మీ వోళ్ళకి? వొండినామెను పిల్రా."

ఆవిడ వచ్చేదాకా వదిన ఆగలేదు, తనే వంటింటి గుమ్మం దగ్గరికి నడిచింది. ఇంటావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. పప్పు ఎలా కాల్చాలో, ఎలా కొట్టాలో, సొన అంటిన పప్పుని ఎలా పారేయాలో వదిన చేతులు తిప్పుతూ చెబుతుంటే, బరంపురం ఆయన హిందీలోకి మారుస్తున్నాడు. నేను గోడకానుకుని నిలబడిపోయాను. ఈ మనిషి ఇంకొకరి వంటని తిట్టి ఎన్ని నెలలైందో. ఆ గొంతు విని నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇంటావిడకి అంతా అర్థమయ్యాక లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చింది. ఎర్రటి చిన్న చిన్న తొక్కలు, నోరు తెరుచుకున్న మిరియాల్లా ఉన్నాయి. తిమ్మిరి వీటివల్ల, పప్పుది తప్పు లేదు అని బరంపురం ఆయన చెప్పాడు. వదిన నమ్మలేదు. అప్పుడు నేనొకటి తీసి కొరికాను. నిమ్మతొక్క వాసన వచ్చింది, ఆ వెంటనే నాలుక జివ్వుమంది, పెదాలు నావి కానట్టయిపోయాయి. నన్ను చూసి వదిన కూడా ఒకటి నోట్లో వేసుకుంది. కొరికింది. పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"తెలత్తంది" అంది.

"ఏం తెలుస్తోంది వదినా?"

"నాకు నోరున్నట్టు తెలత్తంది పిల్లా."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పడానికి. పక్క బల్ల అమ్మాయి తినడం మానేసి మాకు టీ పోసింది.

తర్వాత చేప వచ్చింది. వదిన ముక్క ముక్కకీ ఆగి, కళ్ళు మూసుకుని తింది. ఉప్పు తెలుస్తోందా అనడిగాను. లేదంది. వాసన? లేదు. "తిమ్మిరి ఒకటే. ఇంక అడక్కు." భోజనం ఇద్దరికీ పన్నెండు వందలైంది. బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో పెదాలు తడుముకోవడం మొదలుపెట్టింది. పావుగంటకి ఆగిపోయి, "పోయింది" అంది. నేను మళ్ళీ వెళ్దామన్నాను, ఆ మిరియాలు కొనుక్కుందామన్నాను, ఇంకో డాక్టరుకి చూపిద్దామన్నాను, నోరు ఆగలేదు. "మన పులుసులో దాన్నెయ్యడమేటి? సాల్లే, నడు" అంది.

తిరుగు బండిలో మాత్రం ఆవిడకి నిద్ర పట్టలేదు. ఖరగ్‌పూర్ దాటాక నన్ను గిల్లి లేపింది.

"ఆ పిల్ల పళ్ళెం మీద సెయ్యెందుకు పెట్టినాను?"

"నోరు కాలిపోతుందని."

"ఎవలి నోరు?"

"ఆ అమ్మాయిది."

"మరదే. మనం వొండీదీ ఒకలి నోటికే గదేటి" అని అటు తిరిగి పడుకుంది. నాకప్పుడు అర్థం కాలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. మొదటి ముద్ద తిన్నాక నోరు జివ్వుమంటే కంగారుపడి నీళ్ళు తాగకండి, తెల్లన్నం తినండి, పావుగంటలో అదే పోతుంది. వంట ఎంత గొప్పగా ఉందో మాత్రం నన్నడక్కండి, నా కళ్ళు పళ్ళెం మీద లేవు. ఏదో నయమైపోతుందని వెళ్ళాను, నయం కాలేదు. ఈ మాట రాయడానికి కష్టంగానే ఉంది. పలాసలో దిగి తిన్నగా టెక్కలి వెళ్ళాం. స్నానం చేసి వదిన పొయ్యి వెలిగించింది. పులుసు మరిగాక మూత తీసి, అలవాటుగా ఆవిరికి మొహం పెట్టింది. తర్వాత నన్ను పిలిచి, అరచెయ్యి పట్టమని గరిటెతో నాలుగు చుక్కలు వేసింది.

"ఉప్పెలాగున్నాది?"

బాగుందని చెప్పబోయాను. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను. "తక్కువ" అన్నాను.

"తక్కువంటే? ఎంత తక్కువో నోరు తెరిసి సెప్పలేవేటి?"

"చిటికెడు."

వేసింది. మళ్ళీ చెయ్యి పట్టమంది. మూడోసారికి సరిపోయిందన్నాను. వదిన మూత పెట్టి, గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యతో, ఆ మనిషికి ఫోన్ చేసి తాళాలకి రావద్దని చెప్పమంది.