నాదస్వరం మామకు ఒక రాయి

మా వీధి నాదస్వరం మామ ఎవరెదురైనా దండం పెట్టేవాడు కాదు. బుగ్గలు రెండూ బూరెల్లా పొంగించి, కళ్ళతో నవ్వేవాడు. ఓడ మీద ఎవరిదో పెళ్ళికి వాయించడానికి పోయి, ఆ ఓడతోపాటే సముద్రంలో మునిగిపోయాడు.

ఆయన ఉన్న ఇంటి గోడకు జ్ఞాపకంగా ఒక రాయి బిగిద్దామని, తిరుపతిలో ఆయన అద్దెకున్న ఇళ్ళన్నీ తిరిగాం. తెల్లారకముందే సాధన మొదలుపెడతాడని ఖాళీ చేయించిన ఓనర్లే ఇప్పుడు రాయి మాకంటే మాకని ఎగబడ్డారు.

"మా మిద్దె మీదనే సాధన చేసినాడప్పా!" అన్నాడొక ఓనరు.

"సామాన్లు వీధిలో పారేసింది నువ్వే గదన్నా?" అన్నాను.

"ఆ కసితోనే గదా అంత పెద్ద విద్వాంసుడైనాడు!"

చివరికి, మామను ఎన్నడూ పొమ్మనని ఒకే ఒక ఇంటికి బిగించాం. ఆ ఇంటి అవ్వకు బ్రహ్మచెవుడు.

ఆవిష్కరణ సభలో ఓనర్లంతా మామ నాదాన్ని తెగ పొగిడారు. అవ్వ ఆవలిస్తూ కూర్చుంది. గుడ్డ తొలగించగానే రాయి మీద చెక్కిన మామ ముఖం కనబడింది. అవ్వ లేచి దగ్గరికి పోయింది. బోసినోటి బుగ్గలు రెండూ పొంగించి, జవాబు కోసం కాసేపు అలాగే నిలబడింది.