ముందే చెప్పే టీచరమ్మ

మా పాపకు ఆటిజం. ఊళ్ళె కరెంటు ప్లాంటు సైరన్ మోగితే కిందపడి తల కొట్టుకునేది. పాల్వంచ బడిలో మా పాపకోసం వచ్చిన టీచరమ్మ ఏదైనా ముందే చెప్పేది.

"బిడ్డా, ఇగ సైరన్ మోగుతది, చెవులు మూసుకుందామా?" అంటూ తన చెవులే ముందు మూసుకునేది. గట్లనే పిల్ల నెమ్మదించింది.

"ఇంట్ల గూడ చెప్పకుండ ఏదీ చెయ్యకుండ్రి అమ్మా, పిల్లకు అదే భయం" అని నాకూ నేర్పింది.

అసుంటి మనిషి, బదిలీ అయితే ఒక్క మాటైనా చెప్పకుండ పోయింది. ఎందుకో? చెప్పడానికి నోరు రాలేదా?

సైరన్ సంగతి నేను చెప్తానన్నా పిల్ల నమ్ముతలేదు. పొద్దున్నుంచి చెవులు మూసుకొనే బడి గేటు దగ్గర నిలబడ్డది.

సైరన్ మోగడానికి ఇంకా చాలా టైముంది.