సువార్తరాజు లేపిన ప్లగిన్

చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్‌ను పేరు పెట్టి పిలిచి లేపగల మనిషి కెనడా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. పేరు సువార్తరాజు, ఊరు విండ్సర్. అతను లేపిందే ఒకనాడు అతని కూతురిని ఉడకబెట్టబోయిందనీ, అప్పుడతను నీళ్లలోంచి నిప్పును ఒంటిచేత్తో పట్టి బయటికి లాగాడనీ అక్కడి తెలుగువాళ్లు చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు.

సువార్తరాజు పుట్టింది రాజోలు దగ్గర. వారమంతా కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని, ఆదివారం తెలుగు చర్చిలో మైకుల దగ్గర పని. కంప్యూటర్ చదువు చదివినవాడు కాదు. అయినా సంఘంలో ఎవరి ల్యాప్‌టాప్ మూలిగినా మొదటి ఫోను అతనికే. "ఆయ్, పట్టుకొచ్చేయండి" అనేవాడు. అతను గుమ్మంలో అడుగు పెడితే ప్రింటర్లు భయంతో కాగితాలు కక్కేవట. ఒక వైఫై డబ్బా అయితే అతను దగ్గగానే దారికొచ్చిందట. ఈ మాటలు అతని దగ్గర అంటే చిరాకు పడేవాడు కానీ, ఆపమని గట్టిగా ఎప్పుడూ అనలేదు.

చర్చి భవనం ఇంకో సంఘం వాళ్లు వదిలేసి వెళ్లినది. వేదిక మీద బాప్తిస్మపు తొట్టి ఉంది, మనిషి నడుము లోతు. పక్కన చిన్న గది. ఆ గది గోడకు ఒక ఇనుప పెట్టె. తొట్టిలో నీళ్లను వేడిచేసేది అదే. దానికి మీట లేదు, గుండీ లేదు. కంప్యూటర్‌లో ఒక పేజీ తెరిచి, ఎంత వేడి కావాలో అక్కడ చెప్పాలి. చెప్పినంత వేడి రాగానే ఆపమని పెట్టెకు కబురు పంపే పని కూడా ఆ పేజీదే. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పేజీ నడవాలంటే బ్రౌజర్‌లో జావా ప్లగిన్ అనే చిన్న తోడు ప్రోగ్రాం ఉండాలి. ఆ ప్లగిన్‌ను కొత్త బ్రౌజర్లు గడప తొక్కనివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. పాత కంప్యూటర్ బతికున్నన్నాళ్లు ఎలాగో గడిచింది. ఆ శీతాకాలం అది కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే అబిగేల్ బాప్తిస్మానికి ఒప్పుకుంది.

అబిగేల్ అతని ఒక్కగానొక్క కూతురు. ఎప్పుడు అడిగినా "నాట్ నౌ, డాడ్" అనే పిల్ల. ఇప్పుడు తనంతట తానే వచ్చి, దేశానికి ఆ చివరనున్న బర్నబీలో చదువుకు వెళ్లేలోపు తీసుకుంటానంది. కొత్త పెట్టె రావాలంటే వేసవి దాకా ఆగాలి. బయట నది మీంచి వచ్చే గాలికి కారు అద్దాలు కూడా బిగుసుకుపోతున్నాయి. చన్నీళ్లలో ముంచడం కుదరదు. వాయిదా వేస్తే ఆ పిల్ల మనసు మళ్లీ ఎటు తిరుగుతుందో తెలియదు. సువార్తరాజు భయం అదొక్కటే.

ఎవరో పారేస్తున్న కంప్యూటర్ ఒకటి తెచ్చి, లినక్స్ ఎక్కించి, శనివారం పొద్దున ఆ చిన్న గదిలో కూర్చున్నాడు. కొత్త బ్రౌజర్ పేజీని చూడగానే మొహం తిప్పుకుంది. దాన్ని తీసేసి ఎక్కడినుంచో పాత బ్రౌజర్ వెతికి తెచ్చాడు. ప్లగిన్ కూడా దొరికింది. అయినా ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేదు. చూస్తే బ్రౌజర్ అరవైనాలుగు బిట్లది, ప్లగిన్ ముప్పైరెండు బిట్లది. రెండింటినీ ఒకే జాతివి చేసి, బ్రౌజర్ ప్లగిన్ల కోసం వెతికే ఫోల్డర్‌లో దానికి లింకు పెట్టాడు. అప్పుడు స్క్రీన్ నిండా ఎర్రటి హెచ్చరిక లేచింది.

వెనకనుంచి అబిగేల్ చదివింది. "డాడ్, ఇట్ సేస్ డేంజరస్. ఇన్ రెడ్."

"అది అన్నిటికీ అలాగే అంటుందమ్మా, మీ అమ్మలాగా."

గుమ్మంలో కాఫీ ఫ్లాస్కుతో నిలబడ్డ భార్య సంతోషకుమారి ఊరుకోలేదు. "నేను చెప్పినప్పుడు ఏనాడైనా విన్నారేంటండీ, అది చెప్తే వినడానికి?"

అతను ఒప్పుకుంటున్నట్టు టిక్కు పెట్టాడు. మళ్లీ హెచ్చరిక, మళ్లీ టిక్కు. కాసేపు తెల్లటి ఖాళీ. తర్వాత బూడిదరంగు డబ్బా ఒకటి మెల్లగా కళ్లు తెరిచింది. గోడ మీది ఇనుప పెట్టె ఎవరో గుండెల మీద తన్నినట్టు ఒక్కసారి దడదడలాడి, హోరు మొదలుపెట్టింది. అబిగేల్ చప్పట్లు కొట్టింది. సంతోషకుమారి మాత్రం ఆ హోరు వింటూ ఫ్లాస్కు మూత బిగిస్తూనే ఉండిపోయింది.

ముప్పైనాలుగు డిగ్రీలు అడిగాడు. అంత వేడి వచ్చాక హోరు తనంతట తానే ఆగాలి.

ఆదివారం ఉదయం సంఘమంతా వచ్చేసరికి స్క్రీన్ మీద ముప్పైనాలుగు అని ఉంది. సంఘ పెద్ద షాలేమ్ రాజు గారు కోటు విప్పకుండానే గదిలోకి తొంగిచూశారు.

"ఏవయ్యా సువార్తరాజూ, నీళ్లు వెచ్చబడ్డాయా? గోదారి పిల్లని ఐసులో ముంచుతావా ఏంటి?"

"ముప్పైనాలుగండి. ఇదిగో, చూడండి."

"చేత్తో చూశావా కొంపదీసి?"

"అయ్యో, లేదండి."

ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. పాస్టరు అయ్యగారు నీళ్ల మీద ప్రార్థన చేసి ఆమేన్ అనేదాకా తొట్టిలో ఎవరూ వేలు కూడా ముంచకూడదు. మొదటి ఏడాది ఎవరో పిల్లాడు అందులో బొమ్మకారు కడిగాడని షాలేమ్ రాజు గారు పెట్టిన రూలు అది. ఆయన బాప్తిస్మం తీసుకున్నది గేదెలు దిగి వెళ్లిన కాలువలో. దానికి ఏ రూలూ లేదు. కెనడా వచ్చాక నీళ్లకు మడి వచ్చింది.

పాటలు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు లోపలినుంచి చెమర్చాయి. చుక్కలు కలిసి ధారలుగా కారుతుంటే బయట పార్కింగ్‌లో మంచు గుట్టలు వంకర పోయినట్టు కనిపించాయి. తొట్టి మీద ఆవిరి లేస్తోంది. వెచ్చటి నీళ్లకు చలిలో ఆవిరి రాదా అని అందరూ సర్దుకున్నారు. వేదిక మెట్టుకు అంటించిన రబ్బరు చాప అంచు మెల్లగా పైకి లేచి ముడుచుకుంది. ఎవరో దాన్ని కాలితో నొక్కారు. కాలు తీయగానే అది మళ్లీ ముడుచుకుంది.

అబిగేల్ తెల్లబట్టల్లో వచ్చి తొట్టి మెట్టు మీద నిలబడింది. ఆ తొట్టి ఇరుకు. అయ్యగారు గట్టు మీద మోకరించి పట్టుకుంటారు, దిగేవాళ్లు ఒక్కరే దిగాలి. ఆమె చెప్పులు విప్పింది. అయ్యగారు చేతులెత్తారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

పాట ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో సువార్తరాజుకు హోరు వినిపించింది.

ఆగాల్సిన హోరు.

అతను కళ్లు తెరిచాడు. ప్రార్థనలో కళ్లు తెరవడం అతని జీవితంలో అదే మొదటిసారి అంటారు. తలుపు తెరిచే ఉన్న గదిలో స్క్రీన్ కనిపిస్తోంది. ముప్పైనాలుగు. నిన్న సాయంత్రం ఆ అంకె కుదురుగా ఉండేది కాదు, కాస్త పెరిగేది, కాస్త తగ్గేది. ఇప్పుడు గోడకు కొట్టిన మేకులా ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో అతనికి తెలియదు. పేజీ కళ్లు తెరుచుకునే చచ్చిపోయింది. ఆపమని చెప్పేవాళ్లు లేక, గోడ మీది పెట్టె రాత్రంతా కాచుతూనే ఉంది.

అయ్యగారి గొంతు ముగింపుకు దగ్గరపడింది. అబిగేల్ ఒక పాదం గాల్లోకి ఎత్తి, బట్టలు కాళ్లకు అడ్డం రాకుండా కూడదీసుకుంటోంది. ఆమేన్ అనగానే దిగుతుంది. ఆ పిల్ల దేనికైనా ఆలస్యంగా ఒప్పుకుంటుంది కానీ, ఒప్పుకున్నాక వెనక్కి చూడదు.

సువార్తరాజు మైకు వైర్లు తొక్కుకుంటూ వేదిక ఎక్కాడు. స్పీకర్లు కీచుమన్నాయి. నాలుగైదు జతల కళ్లు తెరుచుకున్నాయి. అతను కూతురికీ నీళ్లకూ మధ్య దూరి, చొక్కా చేయి కూడా మడవకుండా, కుడిచేతిని మోచేతి దాకా తొట్టిలో ముంచాడు.

"ఏవయ్యా!" అని షాలేమ్ రాజు గారు గర్జించారు. "ప్రార్థన కాలేదు! అపవిత్రం చేశావు కదయ్యా!"

సువార్తరాజు ఎడమచేత్తో కూతురిని అడ్డుకున్నాడు. చెయ్యి బయటికి తీశాడు. వేళ్ల దగ్గరనుంచి మోచేతి దాకా పచ్చిమాంసం రంగు. తడిసిన చొక్కాలోంచి పొగలా ఆవిరి.

"డాడ్?" అంది అబిగేల్. ఎత్తిన పాదం ఇంకా దించలేదు.

"వెనక్కి దిగమ్మా," అన్నాడు సువార్తరాజు. "వెనక్కే. మెల్లగా."

సంతోషకుమారి పరుగున వచ్చి ముందు కూతురిని రెక్క పట్టి లాగింది. తర్వాత మొగుడిని బయటికి నడిపించి ఆ చేతిని చల్లటి కుళాయి కింద పెట్టింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. అందుకే అతనికి ఎక్కువ భయమేసింది. లోపల ఎవరో మెయిన్ స్విచ్ కట్టేశారు. హోరు ఆగింది. అప్పటిదాకా ఆ చప్పుడు తమ చెవుల్లో ఉందని కూడా తెలియని సంఘమంతా ఒక్కసారి తలెత్తి గోడ వైపు చూసింది.

షాలేమ్ రాజు గారు తొట్టి మీది ఆవిరిని వంగి చూశారు. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని, పార్కింగ్‌లోకి వెళ్లి, పార పుచ్చుకున్నారు. మంచు గుట్టను తవ్వి బకెట్లో నింపి, తానే మోసుకొచ్చి తొట్టిలో పోశారు. ఆయన వెనక సంఘమంతా బకెట్లు పట్టింది. పోసిన మంచు పోసినట్టే బుస్సుమని మాయమయ్యేది. భోజనాల వేళ దాటాక కానీ ఆ నీళ్లు మనుషుల నీళ్లు కాలేదు. ఈసారి ముందుగా చెయ్యి పెట్టి చూసింది షాలేమ్ రాజు గారే, అదీ ప్రార్థనకు ముందే. అబిగేల్ దిగింది, మునిగింది, జుట్టులో కరగని మంచుముక్కతో లేచింది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని, ఆసుపత్రికి పోదాం పదమని భార్య లాగుతున్నా కదలకుండా, సువార్తరాజు అది చూసే వెళ్లాడు.

కథ మాత్రం వారం తిరక్కుండా కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరి దాకా పోయింది. స్క్రీన్ అతన్ని పేరు పెట్టి పిలిచిందన్నారు. ప్రార్థనలో అగ్నిస్తంభం కనిపించిందన్నారు. చచ్చిన ప్లగిన్‌ను లేపినందుకు అది ఒక ప్రాణం అడిగిందనీ, అతను తన చెయ్యి ఇచ్చి సరిపెట్టాడనీ కూడా అన్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఇదంతా విన్నాక సువార్తరాజు అన్న మాట ఇది:

"నేనేం లేపలేదండి. పాత ప్లగిన్ దొరికితే ఎక్కించా. వద్దని అది ఎర్రగా చెప్తూనే ఉంది, నేనే టిక్కులు పెట్టా. పేజీ హ్యాంగ్ అయింది. నీళ్లలో చెయ్యి పెట్టా, కాలింది."