వసంతక్కకు రాని స్వీడన్

మాంచెస్టర్‌లో మా ల్యాబ్ తలుపు తీయగానే స్పిరిట్ వాసన ముక్కుకు తగులుతుంది. ఇవాళ ఆ స్పిరిట్‌ను గ్లవ్స్ మీద చల్లుకుంటుంటే వసంతక్క గుర్తొచ్చి, పని సాగక, స్టూలు మీద కూలబడ్డాను. కరీంనగర్ నుంచి వచ్చి, పీహెచ్‌డీ అయ్యాక ఇక్కడే ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పరిశోధన చేసిందామె. కాలిన గాయాల కోసం కొత్త చర్మం పెంచే జెల్‌ను పగలకుండా ఎలా పోయాలో నాకు నేర్పింది ఆమే. నేను పోసినవన్నీ పగిలిపోతుంటే, "తోడేసిన పెరుగు గిన్నెను ఊకె కదుపుతవానే? దీన్ని గూడ గట్లనే ఇడిసిపెట్టు," అని కసిరేది. ఆ పద్ధతి పూర్తిగా ఆమె సొంతం. అదెలా చేయాలో మా బాస్‌కు ఇప్పటికీ తెలియదు. తెలుసని ఆయన అనడు కూడా, పాపం.

దాని మీద పేపర్ రాసినప్పుడు ఆయనే అన్నాడు, ఇందులో నా చెయ్యి లేదు, నా పేరు వద్దని. అక్క వింటేనా! "కొలువిచ్చినాయన. గురువు పేరు లేకుండ ఎట్ల పంపాలె? కండ్లు పోతయ్," అంటూ చివర్లో, పరిశోధన నడిపించిన పెద్దల పేరుండే చోట ఆయన పేరు చేర్చేసింది. నేనూ తలూపాను. మా ఇళ్లలో ఎవరైనా అంతే చేస్తారు.

తరువాత స్వీడన్‌లో ఒక యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచింది. పీహెచ్‌డీ అయి మరీ ఎక్కువ ఏళ్లు దాటకూడదని వాళ్ల నిబంధన. అక్కకు అదే ఆఖరి అవకాశం. ఇక్కడ కాంట్రాక్టు, దాంతోపాటు వీసా కూడా అయిపోవచ్చాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జరుగుతున్నంతసేపూ గది బయట టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. తెల్లబోయిన ముఖంతో బయటికొచ్చింది.

"ఏమడిగిన్రు అక్కా?"

"పేపర్ల నీదెంత, మీ బాస్‌దెంత అన్నరు. అంత నాదే అన్న. మరి ఆయన పేరెందుకున్నది అన్నరు."

"ఏం చెప్పినవ్?"

"గురువు గద అన్న. ఒగలి మొకం ఒగలు చూసుకున్నరు."

సొంతంగా పరిశోధన నడపగలదనడానికి ఆధారం లేదని తిరస్కరించారు. ఛీ, ఏం న్యాయమిది! పోనీ, ఎవర్ని తిట్టను? బాస్ వద్దన్నాడు, వాళ్లు అడగాల్సిందే అడిగారు. ఇప్పుడామె హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెబుతోంది. ల్యాబ్ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుంది.

పోయిన వారం నా పేపర్ సిద్ధమైంది. నేనూ అలాంటి స్వీడన్ ఉద్యోగానికే పెట్టుకోవాలి. జెల్ పద్ధతి నీదే కదక్కా, నీ పేరు చేరుస్తానని ఫోన్ చేశాను. ఈసారి ఫోన్ పెట్టేయలేదు.

"వద్దు బిడ్డా. నా పేరు పెడితే, గీ పని గామెది అంటరు. నీకు గూడ రాదు."

ఏడ్చాను, పోట్లాడాను. తన పాత పేపర్‌ను ప్రస్తావించడానికి మాత్రం ఒప్పుకుంది. అదైనా ఏం లాభం? అందరూ దాన్ని మా బాస్ పేపర్ అనే అంటారు. చివరికి ఆమె చెప్పినట్టే, నా ఒక్కదాని పేరుతో పంపాను. నా చేతుల్లో ఉన్న విద్యంతా ఆమెది. స్వీడన్‌కు అప్లికేషన్ కూడా పెట్టేశాను. ఆ ఉద్యోగం నాకు వస్తుందేమోనని భయంగా ఉంది.