పత్తి అర్రలో పాట

గద్వాల నుంచి అయిజ పోయే బస్సులో కొత్త మైకు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులోని పెద్దమ్మ వేళ్లు పత్తికాయలు గీరి గీరి మొద్దుబారి ఉన్నాయి.

"ఏంది బిడ్డా అది?" అనడిగింది.

ఇంట్లో పాట రికార్డు చేస్తే గొంతు బిందెలోంచి వచ్చినట్టు మోగుతోందని, అందుకే మైకు మారుస్తున్నానని చెప్పాను.

"మైకేం జేస్తది? ఉత్త గోడలుంటే గట్లనే మోగుతది. పత్తి పోసిన అర్రల పాడి సూడు. పాట పక్కన గూసున్నట్టు ఇనొస్తది."

ఇల్లు చేరగానే పాత మైకు పట్టుకుని మా పత్తి గదిలోకి దూరాను. పాడి, విన్నాను. మోత లేదు, అచ్చంగా నా గొంతే!

కొత్త డబ్బా ఇంకా విప్పలేదు. నాయిన పత్తి అమ్ముదామన్నప్పుడల్లా, ఇంకొక్క పాట ఆగమని బతిమాలుతున్నాను.