దొరగారి వెనక ఖాకీ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను ఒక తెలుగు దినపత్రికకు దిల్‌సుఖ్‌నగర్ విలేకరిని. అంటే ఒక సైకిలు, ఒక పెన్ను, బోలెడంత పొగరు. అలాంటి నాకు ఓ విదేశీ పత్రిక దొరగారికి వారం రోజులు దుబాసీగా ఉండే యోగం పట్టింది.

ఆయన దేశపు ప్రభుత్వానికి తమ విలేకరులంటే ప్రాణం. ఏ దేశంలో ఉన్నా వాళ్ల ఒంటిమీద ఈగ వాలకూడదు, రాతకు ఎవరూ అడ్డు రాకూడదు. ఆ సంగతే మన ప్రభుత్వానికి ఉత్తరం రాసిందట. మనవాళ్లు ఊరుకుంటారా? ఆరడుగుల కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపారు.

ఇక చూడండి నా తిప్పలు! లాఠీదెబ్బలు తిన్న కుర్రాళ్లు మా వెనక ఖాకీని చూడగానే చొక్కా గుండీలు పెట్టేసుకునేవారు. "ఏం గాలే సార్, మెట్ల మీదికెల్లి పడ్డ." ఆ ఇంటికి మెట్లుంటేగా! నేను అదే ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి, దొరగారు రాసుకునేవారు. మూడో రోజుకు ఆయన పుస్తకంలో దిల్‌సుఖ్‌నగర్ జనమంతా మెట్ల మీంచి పడ్డవాళ్లే. నాకు ఒళ్లు మండి ఆ కానిస్టేబుల్‌తో మాటలే మానేశాను.

నేను కిరాయికున్న ఇంటామెకు మాత్రం నవ్వే స్థితి లేదు. కాలేజీలో చదివే ఆమె కొడుకును ఊరేగింపులో పట్టుకుపోయి పది రోజులైంది. ఎక్కడ పెట్టారో ఏ ఠాణాలోనూ చెప్పలేదు.

"బయటి దేశం పేపర్ల పడితే సర్కారు భయపడతది బిడ్డా. జర దొరను తోల్కరా," అంది నాలుగో రోజు పొద్దున.

"మరి ఆ పోలీసాయన?"

"ఆయన సంగతి నేను జూస్తగని, నువ్వు తోల్కరా."

తీసుకొచ్చాను. ఆమె మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, కానిస్టేబుల్‌కు వసారాలో పీట వేసి జొన్నరొట్టె, దోసకాయ కూర పెట్టింది. పళ్లెంలో పడ్డ రొట్టె వదిలి లేస్తే మావైపు ఇంటామెను అవమానించినట్టే. అదే ఆమె ఎత్తు. ఒక రొట్టె వేయడం, లోపలికొచ్చి కొడుకు పేరు చెప్పి నాలుగు మాటలు ఏడవడం, పళ్లెం ఖాళీ అయ్యేలోగా మళ్లీ పరుగు.

"సాలు పెద్దమ్మా!"

"గంత మనిషివి, గిదేం తిండి కొడుకా? ఇంగొక్కటి."

ఏడో రొట్టెకు ఆయన కళ్లు తేలేశాడు. దొరగారు రెండు పేజీలు నింపారు. నా ఛాతీ అంగుళం పెరిగింది.

కానిస్టేబుల్ చేయి కడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, జైళ్లు నిండినయని కాలేజీ పోరగాళ్లను నాదర్‌గుల్ దిక్కు ఓ గోదాముల పెట్టిన్రు. లోపల నువ్వు జెప్పిన పేరు ఇన్న, మీవోడు గాడనే ఉన్నడు, మంచిగనే ఉన్నడు. గీ దొర డ్యూటీ పడేదాంక నాది గాడనే పహరా. మా అమ్మ రొట్టె, మా అమ్మ దోసకాయ కూర అని ఒకటే సతాయిస్తుండె."

ఇంటామె ఉన్నచోటే కూలబడింది.

"నాలుగు రోజుల్నుంచి పక్కనే ఉండి ఇప్పుడా చెప్పేది?" అని అరిచాను.

"నువ్వు అడిగితివా సార్?"

 ఇంటామె అప్పటికే లేచి మిగిలిన రొట్టెలన్నీ మూటగట్టి, "నడు కొడుకా" అంటూ కానిస్టేబుల్ వెంట గబగబా వెళ్లిపోయింది. వాళ్లు ఎక్కడికి పోతున్నారని దొరగారు నన్ను అడుగుతున్నారు. సిగ్గుతో నాకు ఒక్క ఇంగ్లీషు ముక్కా రాలేదు.